రీసెట్ నొక్కేముందు అన్నయ్యకి చెప్పాలా?

ఈసారి వచ్చిన ఉత్తరంలో సగం కంప్యూటర్ గోల, సగం ఇంటి గోల. రాసినావిడ పేరు వెయ్యొద్దన్నారు, అందుకని విషయం నా మాటల్లో చెప్తాను.

ఆవిడ పీహెచ్‌డీ చివర్లో ఉన్నారు. వాడే ల్యాప్‌టాప్ మూడేళ్ల కిందట వాళ్ల అన్నయ్య ఇచ్చింది. ఆయన కొన్నాళ్లు వాడి, కొత్తది కొనుక్కున్నాక దీన్ని చెల్లెలికి ఇచ్చేశారు. పది రోజుల కిందట రాత్రి షట్‌డౌన్ చేయబోతే అప్‌డేట్ మొదలైంది, 30 శాతం దగ్గర ఎంతకీ కదల్లేదు, తెల్లారి ప్రయాణం ఉందన్న తొందరలో ఆవిడ పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశారు. అంతే, ఆ తర్వాత విండోస్ లేవలేదు. ఆన్ చేస్తే "ఆటోమేటిక్ రిపేర్" అంటుంది, కాసేపు తిరుగుతుంది, రిపేర్ చేయలేకపోయానంటుంది, నీలం తెర చూపిస్తుంది. అందులో ముందుకెళ్తే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతోంది (బిట్‌లాకర్ అంటే డిస్క్‌లో ఉన్నవాటికి విండోస్ వేసే తాళం). ఆ మాట ఆవిడ వినడం అదే మొదటిసారి. ఏదో వీడియో చూసి కమాండ్లు కొడితే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని వచ్చింది, భయమేసి మూత పెట్టేశారు.

లోపల ఏమున్నాయంటే, థీసిస్‌లో మూడు అధ్యాయాలు (గైడ్‌కి ఆఖరిసారి మెయిల్ చేసింది రెండు నెలల కిందట), ఇంకా కిందటేడు పోయిన వాళ్ల నాన్నగారి వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు. ఆయన ఫోన్‌లోవి ఇందులోకి ఎక్కించుకుని, "అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అని అన్నయ్యకి చెప్పి, ఆ ఫోన్ చెరిపేసి ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడు అమ్మ "నాన్న వీడియో ఒకటి పెట్టవే" అన్నప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్తున్నారు. బావేమో "రీసెట్ కొట్టు, కీప్ మై ఫైల్స్ అని ఉంటుంది, ఏం కాదు" అంటున్నాడు. రిపేరు చేసే అతనేమో "ఫార్మాట్ చేసేద్దాం మేడమ్, డేటా తర్వాత సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీద్దాం" అన్నాడు. బ్యాకప్ పెట్టుకోమని అన్నయ్య లెక్కలేనన్ని సార్లు చెప్పాడట. అందుకే ఉత్తరం చివర్లో ఆవిడ అడిగింది ఒక్కటే, "అన్నయ్యకి తెలియకుండా దీన్ని బాగు చేసుకునే దారి చెప్పండి."

ముందుగా, మీరు మూత పెట్టేసి ఊరుకున్నారు చూడండి, ఈ పది రోజుల్లో చేసిన పనులన్నింటిలో అదే మంచి పని. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటిదాకా ఏదీ పోలేదు. అప్‌డేట్ మధ్యలో ఆపితే చెడేది విండోస్ సొంత ఫైళ్లు, అది లేచేందుకు కావలసిన సరంజామా. మీ అధ్యాయాలు, నాన్నగారి వీడియోలు ఆ గొడవలో లేవు, పక్క గదిలో ఉన్నట్టు ఉన్నాయి. పైగా బిట్‌లాకర్ కీ అడుగుతోందంటే డిస్క్ దానికి కనిపిస్తోందన్నమాట. డిస్కే చచ్చిపోతే ఈ ప్రశ్న అడిగే అవకాశం కూడా దానికి ఉండదు. ఆ "యాక్సెస్ ఈజ్ డినైడ్" బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ అనే కమాండ్ కొడితే వచ్చి ఉంటుంది. ఇప్పటి కంప్యూటర్లలో అది చాలామందికి వస్తుంది, మీ ఫైళ్ల గురించి అది చెప్పేదేమీ లేదు. కానీ ఇక వీడియోలు చూసి కమాండ్లు కొట్టకండి. డిస్క్‌ని భాగాలుగా విడగొట్టే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ తెరిచి "క్లీన్" కొట్టమని కొందరు ఎంత తేలిగ్గా చెప్పేస్తారో చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క మాటతో డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందన్న లెక్కంతా చెరిగిపోతుంది.

మీకు కనిపించే ఆ నీలం తెరని రికవరీ మోడ్ అంటారు, మీరు ఊహించుకున్నంత భయంకరమైనదేమీ కాదు. అది అసలు విండోస్‌కి పక్కన విడిగా ఉండే ఒక చిన్న విండోస్. అసలుది వరసగా రెండుసార్లు లేవలేకపోతే ఇది తనంతట తాను వస్తుంది. తెరిచినంత మాత్రాన ఏమీ చెరిగిపోదు. అందులో ఉన్న బటన్లన్నీ ఒక్క రకం కావు, అదొక్కటి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ట్రబుల్‌షూట్‌లోకి వెళ్తే రెండు దారులు కనిపిస్తాయి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్నదాంట్లో ఉండేవి చాలావరకు మరమ్మతులు, అవి మీ సొంత ఫైళ్లని ముట్టుకోవు. (కమాండ్ ప్రాంప్ట్ సంగతి వేరు, అది కత్తి లాంటిది, పట్టుకునేవాళ్లని బట్టి ఉంటుంది.) రీసెట్ దిస్ పీసీ అన్నది మాత్రం విండోస్‌ని పీకేసి మళ్లీ వేస్తుంది. మీ బావ, రిపేరతను ఇద్దరూ తిన్నగా ఈ రెండో దారికే వెళ్లిపోతున్నారు, మొదటిది అసలు చూడకుండానే.

బావ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే మీ డాక్యుమెంట్లు, ఫొటోలు, డెస్క్‌టాప్ మీద ఉన్నవి ఉంచే ప్రయత్నమే చేస్తుంది, మీరు వేసుకున్న ప్రోగ్రాములు, సెట్టింగులు మాత్రం పోతాయి. మామూలు రోజుల్లో అయితే నేనూ సరే అనేవాణ్ని. కానీ అది మధ్యలో ఆగిపోతే? మీ మెషిన్ ఇప్పటికే ఒక పని సగంలో ఆగి ఈ స్థితికి వచ్చింది, దాని మీద ఇంకో పెద్ద పని పెట్టి, ఉన్న ఒకే ఒక్క కాపీని అందులోనే ఉంచడం జూదం. ఇంకో చిక్కు, ఆ ఎంపిక పక్కనే రిమూవ్ ఎవ్రీథింగ్ ఉంటుంది. అర్ధరాత్రి నిద్రకళ్లతో నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు, ఒకప్పుడు ఒక స్నేహితుడి కంప్యూటర్ మీద నేనే నొక్కాను. వాడు ఇప్పటికీ మాట్లాడతాడు, కాకపోతే కంప్యూటర్ నా చేతికివ్వడు.

రిపేరతని మాట మాత్రం ఒప్పుకోకండి. ఫార్మాట్ చేశాక సాఫ్ట్‌వేర్‌తో తీయడం పాత హార్డ్‌డిస్క్‌ల కాలంలో కొంతవరకు కుదిరేది. మీది నాలుగైదేళ్ల ల్యాప్‌టాప్ అనుకుంటే అందులో ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని చిప్‌ల డిస్క్, ఉండే అవకాశమే ఎక్కువ. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ చేసిన చోటుని ట్రిమ్ అనే ఏర్పాటు నిజంగానే ఖాళీ చేయించేస్తుంది. దానికి తోడు మీ డిస్క్ మొత్తం బిట్‌లాకర్ తాళంలో ఉంది. తాళం చెవే పోయాక ఏ సాఫ్ట్‌వేర్ తీసినా వచ్చేది అర్థంలేని అక్షరాల చెత్త. అతను మోసగాడని అనను, రోజూ అలాగే చేస్తుంటాడు, అతని దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది నడిచే కంప్యూటర్. మీకు కావలసింది అందులో ఉన్నవి. ఈ రెండూ వేరువేరు పనులు, మీ బుర్రలో కలిసిపోయి కూర్చున్నాయి. ముందు ఉన్నవి బయటికి తియ్యాలి, ఆ తర్వాతే బాగుచేత.

ఇప్పుడు ఆ 48 అంకెల సంగతి. ఆరేసి అంకెలు ఎనిమిది గుంపులుగా ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసినప్పుడే డిస్క్‌కి తాళం పడిపోతుంది, ఆ కీ వెళ్లి అదే అకౌంట్‌లో కూర్చుంటుంది. చాలామందికి తాళం ఉన్న సంగతే తెలీదు, మీలాగే, ఇలాంటి రోజు వచ్చేదాకా. మైక్రోసాఫ్ట్ వాళ్లకి ఫోన్ చేసి అడిగినా పోయిన కీని వాళ్లు మళ్లీ తయారుచేసి ఇవ్వలేరు. కాబట్టి ప్రశ్న ఏమిటంటే, ఆ అకౌంట్ ఎవరిది?

మీరు "పేరు నాదే కనిపిస్తుంది, అకౌంట్ ఎవరిదో తెలీదు" అని రాశారు. ముందు మీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఏదైనా ఉంటే, వర్డ్ కోసమో మెయిల్ కోసమో తెరిచినది, ఫోన్‌లోనే దాంట్లోకి వెళ్లి డివైజెస్ కింద బిట్‌లాకర్ రికవరీ కీస్ చూడండి. నీలం తెర మీద రికవరీ కీ ఐడీ అని ఒకటి ఉంటుంది, దాని మొదటి 8 అక్షరాలు అక్కడున్నవాటితో సరిపోతే అదే మీ కీ. కాలేజీ ఇచ్చిన అకౌంట్ ఎప్పుడైనా అందులో కలిపి ఉంటే కాలేజీ ఐటీ వాళ్ల దగ్గర కూడా ఉండొచ్చు, అడిగి చూడండి. పనిలో పనిగా మీ వన్‌డ్రైవ్ (ఫైళ్లు దాచుకునేందుకు మైక్రోసాఫ్ట్ నెట్‌లో ఇచ్చే చోటు) కూడా తెరిచి చూడండి. కొన్ని సెటప్‌లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మనకి తెలియకుండానే అందులోకి ఎక్కుతుంటాయి. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీనే కాబట్టి వీడియోలు ఉంటాయన్న ఆశ తక్కువ, థీసిస్ ఉంటే మాత్రం ఉన్నపళంగా సగం బరువు దిగినట్టే.

కీ అక్కడ లేకపోతే మిగిలేది అన్నయ్య అకౌంట్. ఆయన కొత్తగా ఉన్నప్పుడు సెటప్ చేసుకుని, తర్వాత మీ పేరుతో ఇంకో యూజర్ పెట్టి ఇచ్చి ఉంటే కీ అక్కడే ఉండాలి. మీరు అడిగిన "అన్నయ్యకి తెలియకుండా" అన్న దారి ఇక్కడికొచ్చేసరికి మూసుకుపోతుంది. ఉంది అని అబద్ధం చెప్పలేను. కీ లేకుండా ఈ కంప్యూటర్‌ని బాగు చేసుకోవచ్చు, ఆ మాట నిజమే. ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ వేసేందుకు 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసుకుని, దాన్నుంచి లేపి, డిస్క్‌లోని పాత భాగాలు (పార్టిషన్లు) తీసేసి కొత్త విండోస్ వేసుకుంటే ఏ తాళమూ అడ్డురాదు, లైసెన్సు కూడా చాలావరకు దానంతటదే వచ్చేస్తుంది. సాయంత్రానికి శుభ్రమైన ల్యాప్‌టాప్ మీ చేతిలో ఉంటుంది, అన్నయ్యకి ఏమీ తెలియదు. నాన్నగారి గొంతు మాత్రం అందులో ఉండదు. అమ్మకి చెప్పే సాకు అప్పటినుంచి శాశ్వతమైపోతుంది. అది మీరు మోయగలరా అన్నది మీకే తెలియాలి. నేను మోయలేను.

మూడో దారీ ఉంది, ఇప్పుడేమీ చేయకుండా దాన్ని అలాగే పక్కన పెట్టి, వేరే కంప్యూటర్‌లో రెండు నెలల కిందటి మెయిల్ నుంచి థీసిస్ మొదలుపెట్టడం. గడువు తరుముతుంటే ఇది తెలివితక్కువ పనేమీ కాదు, కొన్ని నెలలు పక్కన పెట్టినంత మాత్రాన ఫైళ్లు ఎక్కడికీ పోవు. కానీ కీ ఒకటి అన్నయ్య అకౌంట్‌లో ఉందనుకుంటే, ఆయన ఏదో ఒకరోజు "ఈ పాత ల్యాప్‌టాప్ నా లిస్టులో ఎందుకు" అని దాన్ని తీసేస్తే, దాంతోపాటు కీ కూడా పోవచ్చు. అందుకని మీరు ఆయనతో మిగతావేమీ మాట్లాడకపోయినా ఆ ఒక్క మాట ముందు చెప్పాలి, ఈ పాత ల్యాప్‌టాప్‌ని అకౌంట్‌లోంచి తీసెయ్యొద్దని.

ఆయనకి ఎలా చెప్పాలని మీరు అడగలేదు, అయినా చెప్తాను. మీ ఉత్తరంలో అన్నయ్య తిట్టినట్టు ఒక్క చోట కూడా లేదు, తిడతాడేమో అని మాత్రం నాలుగుసార్లు ఉంది. "బ్యాకప్ పెట్టుకో అన్నావు, పెట్టుకోలేదు, అప్‌డేట్ మధ్యలో ఆపేశాను, నాన్న వీడియోలు అందులోనే ఉన్నాయి, పోలేదు కానీ తాళం పడింది, నీ అకౌంట్‌లో కీ ఉంటే తీసుకోవచ్చు" అని ఈ వరసలోనే చెప్పండి, పోలేదన్న మాట గబుక్కున వచ్చేలా. ఆయనకి పని కూడా తగులుతుంది, కీ వెతకడం. చేతిలో పని ఉన్న మనిషి ఖాళీగా ఉన్నవాడికంటే తక్కువ తిడతాడు. ఇంకో సంగతి, నాన్నగారు ఆ వాయిస్ మెసేజ్‌లు ఎవరికి పంపారు? మీకొక్కరికే కాదు కదా. అన్నయ్య ఫోన్‌లో, మేనత్త ఫోన్‌లో, ఫ్యామిలీ గ్రూపులో ఎన్నో కొన్ని ఉండే ఉంటాయి. చెప్పకుండా ఉన్నంతకాలం అవి అడగలేరు. మీరు ఈ రహస్యాన్ని కాపాడుకుంటూ మీకున్న రెండో బ్యాకప్‌ని మీరే మూసేసుకున్నారు.

సరే, కీ దొరికిందనుకుందాం. ఛార్జర్ పెట్టి మొదలుపెట్టండి, బ్యాటరీ మీద చేయొద్దు. నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే కీ అడుగుతుంది, అంకెలు ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టండి. నల్లని కిటికీ వచ్చాక నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొట్టండి, ఇంకే కమాండూ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ అంటే ఫోల్డర్లు కనిపించే పెట్టె తెరుచుకుంటుంది, కింద టెక్స్ట్ ఫైల్స్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ అని మార్చండి. యూజర్స్‌లో మీ పేరు ఫోల్డర్ వెతకండి. డ్రైవ్ అక్షరం ఇక్కడ సీ బదులు డీ అనో ఈ అనో కనిపించొచ్చు, కంగారు పడకండి. కావలసిన ఫోల్డర్ మీద కుడి క్లిక్, కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. వింతగా ఉంటుంది కానీ ఈ చిట్కా ఎంతమందిని కాపాడిందో! ఒక్క ఇబ్బంది, కాపీ ఎంతవరకు అయిందో చూపించే గీత ఇక్కడ కనిపించకపోవచ్చు, తెర బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అప్పుడు ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తాం. అందుకని ముందు థీసిస్ ఫోల్డర్, తర్వాత వీడియోలు కొంచెం కొంచెంగా తీసుకోండి. మీకు చేతకాదనిపిస్తే ఆ రిపేరతన్నే డిస్క్ ఊడదీసి ఇంకో విండోస్ కంప్యూటర్‌కి తగిలించి, కీ కొట్టి, కాపీ మాత్రమే చేసి ఇమ్మనండి, ఫార్మాట్ అన్న మాట ఎత్తొద్దని ముందే చెప్పి. డిస్క్ బోర్డుకే అతికించి ఉండే మోడల్ అయితే ఈ దారి కుదరదు. యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పెట్టి అవి కదలకపోతే మెషిన్ పోయిందనుకోకండి, 2025 అక్టోబర్‌లో వచ్చిన ఒక విండోస్ 11 అప్‌డేట్ వల్ల రికవరీ మోడ్‌లో సరిగ్గా అదే జరిగింది, తర్వాత సరిచేశారు. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డుతో ప్రయత్నించండి.

బాగుచేతలో మీ విషయానికి మొదట చూడాల్సింది అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉండే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. చెడింది అప్‌డేట్ దగ్గర కాబట్టి, లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్ తీసేస్తే దానంతటది లేచే అవకాశం ఉంది. అది కాకపోతే స్టార్టప్ రిపేర్, ఆ తర్వాత సిస్టమ్ రిస్టోర్ (రిస్టోర్ పాయింట్, అంటే విండోస్ ముందే దాచిపెట్టుకున్న తన పాత స్థితి, ఉంటేనే, ఉంటే మీ ఫైళ్లు కాకుండా ప్రోగ్రాములు, డ్రైవర్లు మాత్రం పాత తేదీకి వెళ్తాయి). స్టార్టప్ సెట్టింగ్స్‌లోంచి 4 నొక్కి సేఫ్ మోడ్‌లోకి (విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే లేచే పద్ధతి) వెళ్లగలిగితే ఇంకా మంచిది, అక్కడ మామూలుగానే కాపీ చేసుకోవచ్చు. చిన్న మరమ్మతుని తక్కువగా చూడకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఇలాగే నీలం తెర వేసుకుని కూర్చున్నాయి, విమానాలు ఆగిపోయాయి. వాటిని ఫార్మాట్ చేయాల్సిన పని లేకపోయింది, సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో వెళ్లి ఒక్క ఫైలు తీసేస్తే లేచాయి. అక్కడ కూడా చాలామందిని ఏడిపించింది ఇదే బిట్‌లాకర్ కీ, ఒక్కో మెషిన్ దగ్గర కూర్చుని కొట్టుకోవాల్సి వచ్చింది.

ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు బావ మాట వినండి, రీసెట్, కీప్ మై ఫైల్స్. క్లౌడ్ డౌన్‌లోడా, లోకల్ రీఇన్‌స్టాలా అని అడుగుతుంది. మీ మెషిన్‌లో ఉన్న విండోస్ ఫైళ్లే దెబ్బతిన్నాయన్న అనుమానం ఉంది కాబట్టి నేనైతే క్లౌడ్ ఎంచుకుంటాను, దాదాపు 4 జీబీ దిగుతుంది, నెట్ నిలకడగా ఉండాలి. అన్నట్టు మీది విండోస్ 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడు 11 పడుతుందేమో చూసుకోండి.

ఏ రీసెట్టైనా నొక్కేముందు మాత్రం ఒక పని చేయండి. పెన్‌డ్రైవ్ తీసి వేరే కంప్యూటర్‌కి పెట్టి, అధ్యాయాలు మూడూ తెరిచి చివరి పేజీ దాకా వెళ్లండి. ఫైలు పేరు కనిపిస్తే చాలదు, సగం కాపీ అయినవాటికి కూడా పేరు ఉంటుంది. తర్వాత అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని నాన్నగారి వీడియోలు ఒక్కొక్కటి చివరిదాకా ఆడించండి.